నలుగురి టికెట్లూ ఒక్కరి ఫోన్‌లోనే ఉంటే...

ప్రశ్న: మేం నలుగురం ఇంజినీరింగ్ ఫ్రెండ్స్. ఒకడు జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడు, మిగతా ముగ్గురం హైదరాబాద్‌లో ఉద్యోగాలు. పోయిన అక్టోబర్‌లో యూరప్ మొత్తం రైళ్లలోనే తిరిగాం. ఒకచోట మొదటి రైలు 50 నిమిషాలు లేటై, విడిగా కొనుక్కున్న రెండో రైలు తప్పిపోయింది. నలుగురికీ మళ్లీ టికెట్లు కొన్నాం. ఇంకోచోట మావాడు వాటర్ బాటిల్ కోసం దిగితే తలుపులు పడిపోయాయి, వాడి టికెట్టేమో నా ఫోన్‌లో ఉంది. మరోసారి రైలు మధ్యదారిలో రెండుగా విడిపోయి ఇద్దరం ఒక ఊళ్లో, ఇద్దరు ఇంకో ఊళ్లో తేలాం. ఇటలీలో చేతిలో టికెట్ ఉండి కూడా జరిమానా కట్టాం. మిలాన్‌లో బ్యాగ్ పోయింది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ ఖర్చులు ఎవరు భరించాలన్న దగ్గర మా మధ్య పెరిగిన మాటలు ఒక ఎత్తు. ఈ జూన్‌లో మళ్లీ 14 రోజులు వెళ్దామనుకుంటున్నాం: ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, వెనిస్, రోమ్, మిలాన్, జ్యూరిచ్, పారిస్. తిరుగు విమానం మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచే. ఈసారి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? పాత నష్టంలో ఏమైనా వెనక్కి వస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీరు రాసిన ఐదింటిలో రైల్వేవాళ్ల తప్పు ఉన్నది మొదటిదాంట్లోనే, అదీ సగమే. మిగిలినవి ఒంటరిగా వెళ్లినవాళ్లకూ జరుగుతాయి. కానీ నలుగురు కలిసి వెళ్తే చిన్న ఇబ్బంది కూడా పెద్దదవుతుంది. ఎందుకంటే ప్లాన్ చేసినవాడి ఫోన్‌లోనే టికెట్లు, హోటళ్లు, లెక్కలు అన్నీ ఉంటాయి. మిగతావాళ్లు ఏ స్టేషన్‌లో దిగాలో కూడా తెలియకుండా అతని వెనకాల నడుస్తుంటారు. అందుకని ఈసారి ఒక్కటే గట్టిగా పెట్టుకోండి: మీలో ఏ ఒక్కరు ఎక్కడ విడిపోయినా, ఎవరికీ ఫోన్ చేయకుండానే ఆ రాత్రికి హోటల్‌కు చేరుకోగలగాలి.

అలా చేరాలంటే ఎవరి టికెట్ వారి ఫోన్‌లో ఉండాలి, దాని పీడీఎఫ్ కాపీ ఇంకొకరి దగ్గర ఉండాలి. పాస్‌పోర్ట్ బ్యాగులో కాకుండా ఒంటి మీద ఉండాలి. జర్మనీ మిత్రుడైతే పాస్‌పోర్ట్‌తో పాటు రెసిడెన్స్ పర్మిట్ కార్డు కూడా వెంట తెచ్చుకోవాలి. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) లోపల తనిఖీలు ఉండవనుకుంటారు గానీ, జర్మనీ 2024 సెప్టెంబర్ నుంచి తన భూసరిహద్దులన్నింటి దగ్గరా తనిఖీలు పెట్టింది. రైల్లోకి పోలీసులు వచ్చి అడగడం మామూలే. ఒక్కొక్కరి జేబులో 50 యూరోలన్నా నగదు, టాయిలెట్లకూ లాకర్లకూ కొన్ని నాణేలు ఉంచుకోండి. ఇక రోజువారీ రైలు నంబరు, దిగే స్టేషన్, హోటల్ అడ్రస్ రాసిన ఒక కాగితం. కాగితమా అని నవ్వకండి, ఫోన్ చచ్చిపోయిన రోజు పనికొచ్చేది అదే.

ఫోన్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. జర్మన్ సిమ్ యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటా అదనపు రోమింగ్ చార్జీ లేకుండా పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు. అక్కడి రోమింగ్ కొన్ని ప్లాన్లలో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. మీరు కొనే ఈ-సిమ్‌లకూ అదే వర్తిస్తుంది. మిలాన్ నుంచి జ్యూరిచ్ వెళ్లేటప్పుడు సరిహద్దులో కియాసో దాటగానే నెట్ ఆగిపోయి, టికెట్ ఓపెన్ కాక తిప్పలు పడేవాళ్లున్నారు. టికెట్లను ముందే ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఇక రైలు తప్పిపోవడం. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

రెండు రైళ్లూ ఒకే టికెట్ మీద ఉంటే, మొదటిది లేటై రెండోది తప్పినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైల్వేదే. అదే రెండు టికెట్లు వేర్వేరుగా కొంటే, మొదటి రైలు ఎంత లేటైనా రెండో రైలువాళ్ల లెక్కలో మీరు టైముకు రాని ప్రయాణికులు. ఆ డబ్బుకు నీళ్లొదులుకోవాల్సిందే. మీకు జరిగింది సరిగ్గా ఇదే. ఇంకో మెలిక ఉంది: కొన్ని టికెట్ సైట్లలో ఒకేసారి డబ్బు కట్టినా, లోపల రెండు టికెట్లుగా ఇచ్చి, ఇవి వేర్వేరు రవాణా ఒప్పందాలని చిన్న అక్షరాల్లో రాసేస్తారు. అలా రాసి ఉంటే ఆ రక్షణ లేనట్టే. డబ్బు కట్టే ముందు పేజీలో ఆ వాక్యం ఉందేమో వెతకండి. వీలైనంతవరకు ఆ రైలు నడిపే సంస్థ సొంత యాప్‌లోనే, మొదటి స్టేషన్ నుంచి చివరి స్టేషన్ వరకు ఒకే టికెట్‌గా తీసుకోండి.

యూరోపియన్ యూనియన్ రైలు ప్రయాణికుల హక్కుల నిబంధన, నంబరు 2021/782, 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉంది. గమ్యానికి 60 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ ఆలస్యమవుతుందని తేలితే మూడు దారులు మీ చేతిలో ఉంటాయి: ప్రయాణం మానుకుని డబ్బు వెనక్కి తీసుకోవడం, వీలైనంత త్వరగా వేరే రైల్లో వెళ్లడం, లేదా మీకు నచ్చిన మరో రోజుకు మార్చుకోవడం. వెళ్లడానికే నిర్ణయించుకుంటే, 60 నుంచి 119 నిమిషాల ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, 120 దాటితే 50 శాతం పరిహారం అడగొచ్చు. 80 యూరోల టికెట్ మీద 70 నిమిషాలు లేటైతే 20 యూరోలు, 130 నిమిషాలైతే 40. ఫ్రాన్స్‌లో టీజీవీ ఇనూయి అనే హైస్పీడ్ రైళ్లలో 30 నిమిషాల నుంచే పరిహారం మొదలవుతుంది. స్విట్జర్లాండ్‌కు ఈ యూనియన్ నిబంధన వర్తించకపోయినా వాళ్ల సొంత చట్టంలో కూడా 25, 50 శాతాల లెక్కే ఉంది. తుఫాను, పట్టాల మీద మనిషి పడటం లాంటివి కారణమైతే పరిహారం రాదు, కానీ గమ్యం చేర్చడం, సాయం చేయడం అప్పుడు కూడా వాళ్ల పనే. రైల్వే సిబ్బంది సమ్మెను మాత్రం సాకుగా చూపించే వీల్లేదు.

ఆలస్యం గంట దాటితే వీలున్నచోట తిండి, నీళ్లు ఇవ్వాలి. రాత్రి ఆగిపోవాల్సివస్తే హోటల్ చూడాలి. ఇవి వాటంతటవి మీ చేతికి రావు, ఇన్ఫర్మేషన్ కౌంటర్ దగ్గరికెళ్లి అడగాలి. మొహమాటపడి బెంచీ మీద పడుకున్నవాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వరు. కౌంటర్ మూసేసి ఉంటే ఓ మోస్తరు హోటల్ తీసుకుని బిల్లు దాచుకుంటే తర్వాత అడగొచ్చు. నాలుగు నక్షత్రాల హోటల్ బిల్లు పెడితే పేచీ పెడతారు. చాలామందికి తెలియని నియమం ఇంకోటి: రైలు బయల్దేరాల్సిన సమయం నుంచి 100 నిమిషాల్లోపు ప్రత్యామ్నాయం ఏమిటో వాళ్లు చెప్పకపోతే, మీరే వేరే రైలో బస్సో ఎక్కి, న్యాయమైన ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు.

జర్మనీలో ఇంకా వెసులుబాటు ఉంది. చవక టికెట్ ఫలానా రైలుకే కట్టుబడి ఉంటుంది కదా, గమ్యానికి 20 నిమిషాలు లేటవుతుందని తేలగానే ఆ కట్టు పోతుంది. అదే రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు. 60 నిమిషాలు దాటేదాకా కూర్చుని ఎదురుచూడక్కర్లేదు. ఈ మినహాయింపు రీజనల్ రైళ్లకే (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే మామూలు రైళ్లు) చెల్లే డిస్కౌంట్ టికెట్లకు లేదు, అంటే జర్మనీ మిత్రుడు తన డాయిష్‌లాండ్ టికెట్ (రీజనల్ రైళ్ల నెలవారీ పాస్) చూపించి హైస్పీడ్ రైలెక్కకూడదు. అర్ధరాత్రి చిక్కుకుంటే టాక్సీకి కూడా 120 యూరోల వరకు వస్తుంది. అయితే చేరాల్సిన సమయం రాత్రి 12కు, తెల్లవారి 5కు మధ్య ఉండి గంట ఆలస్యం కావాలి, లేదా ఆ రోజు చివరి రైలు రద్దయి అర్ధరాత్రిలోపు చేరే దారి లేకుండా పోవాలి.

టికెట్లు వేర్వేరుగా ఉండి అంతర్జాతీయ ప్రయాణంలో ఇరుక్కుంటే, ఆఖరి ఆశగా ఏజేసీ (అగ్రిమెంట్ ఆన్ జర్నీ కంటిన్యుయేషన్) అనే ఒప్పందం గురించి అడగండి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, ఇటలీ రైల్వేలు అందులో ఉన్నాయి. ఒకరి రైలు లేటైతే ఇంకొకరు తమ తర్వాతి రైల్లో అదనపు డబ్బు లేకుండా ఎక్కించుకుంటారు. ఇది వాళ్ల సౌజన్యమే, కోర్టుకెళ్లి అడిగే హక్కు కాదు. ముందుగా లేటైన రైలు గార్డు దగ్గరో, దిగిన స్టేషన్‌లోనో ఆలస్యం ధ్రువపరిచే ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకుండా వెళ్తే రెండో సంస్థవాళ్లు వినరు. ఏ సందర్భంలోనైనా యాప్‌లో రైలు నంబరు, అసలు సమయం, మారిన సమయం కనిపించేలా అప్పటికప్పుడే స్క్రీన్‌షాట్ తీయండి, మర్నాటికి ఆ వివరం మాయమైపోతుంది.

మీ ప్లాన్‌లో ఈ వేర్వేరు టికెట్ల చిక్కు వచ్చేది మ్యూనిక్-వెనిస్ మధ్య. మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్, బ్రెన్నర్ కనుమ మీదుగా వెరోనాకు దాదాపు ఐదున్నర గంటలు. అక్కడి నుంచి వెనిస్‌కు హైస్పీడ్ రైలు విడిగా కొనకండి. రీజనల్ రైలు తీసుకోండి, గంటన్నర, సుమారు 10 యూరోలు. ఆ ధర పెరగదు, సీటు నంబరుండదు, ఆ రోజు ఏ రీజనల్ అయినా ఎక్కొచ్చు. ముందు రైలు గంట లేటైనా మీకు పోయేదేమీ ఉండదు. వేర్వేరు టికెట్లు తప్పనిసరైన చోట దేశం లోపలైతే కనీసం 60 నిమిషాలు, సరిహద్దు దాటి వస్తే 90 నిమిషాలు ఎడం పెట్టండి. రోజులో ఆఖరి రైలు మీద మాత్రం ఎప్పుడూ ఆధారపడకండి.

అలాగే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తిరుగు విమానం అన్నారు. వీలుంటే మార్చుకుని పారిస్ నుంచే ఎక్కేయండి. జ్యూరిచ్ రైలు పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్‌కు వస్తుంది, ఫ్రాంక్‌ఫర్ట్ రైలు గార్ ద లెస్ట్ నుంచి వెళ్తుంది, ఊరు దాటాలి, మళ్లీ నాలుగు గంటల ప్రయాణం. విమానం ఉన్న రోజున దేశం దాటే రైలు పెట్టుకోవడం తెగింపే. మార్చడం కుదరకపోతే ముందురోజు రాత్రికే ఫ్రాంక్‌ఫర్ట్ చేరిపోండి. టికెట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన మెయిన్ అని ఉందో లేదో కూడా చూడండి, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది. వెనిస్‌లో సాంతా లూచియా దాకా వెళ్లాలి, ముందొచ్చే మెస్ట్రే అవతలి ఒడ్డు. మిలాన్‌లో సెంత్రాలే అని కనిపించేదాకా కదలకండి, రోగొరేడో దగ్గర తొందరపడి దిగేవాళ్లు చాలామంది.

వాటర్ బాటిల్ సంగతికి వద్దాం. మన దగ్గర రైలు కూత వేశాక, కదిలాక కూడా పరుగెత్తి ఎక్కేయొచ్చన్న ధీమా ఒంట్లో ఉండిపోతుంది. అక్కడ రైలు కదలకముందే తలుపులకు తాళం పడిపోతుంది. జర్మనీలో మధ్య స్టేషన్లలో ఆగేది చాలాచోట్ల రెండు, మూడు నిమిషాలే. తలుపు పక్క బటన్ చుట్టూ ఉన్న దీపం ఆరిపోయిందంటే ఇక దాన్ని ఎంత నొక్కినా తెరుచుకోదు. ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లకు బయల్దేరడానికి 2 నిమిషాల ముందే తలుపులు మూసేస్తారు. లోపలున్న స్నేహితులు ఎమర్జెన్సీ హ్యాండిల్ లాగడం ససేమిరా వద్దు, అది కేసయ్యే పని.

ఒకరు కింద మిగిలిపోతే, రైల్లో ఉన్న ముగ్గురూ తర్వాతి స్టేషన్‌లో దిగిపోవడం సహజంగా తోచే ఆలోచన, కానీ అదే పెద్ద పొరపాటు. మీ టికెట్లు ఆ రైలుకే కట్టుబడి ఉంటే, దిగిన మరుక్షణం అవి కూడా పోతాయి. ఒకరి నష్టం నలుగురిదవుతుంది. ముగ్గురూ గమ్యం దాకా వెళ్లి, స్టేషన్‌లో ముందే అనుకున్న చోట, ఉదాహరణకు ఇన్ఫర్మేషన్ కౌంటర్ ముందు, వేచి ఉండాలి. కింద ఉన్నవాడు తన చవక టికెట్ మీద తర్వాతి రైలెక్కకూడదు, ఎందుకంటే ఆలస్యం రైల్వేది కాదు, వాడిది. జర్మనీలో హైస్పీడ్ రైలుకు అప్పటికప్పుడు కొనే పూర్తి ధర భారీగా ఉంటుంది. రీజనల్ రైళ్లు మారుతూ వెళ్లడం చవక, టైమే ఎక్కువ.

మీరు ఒకే ఆర్డర్ మీద నలుగురికీ కొన్నారు కదా, దాంట్లోనే ఉంది అసలు చిక్కు. జర్మన్ రైల్వే ఆన్‌లైన్ టికెట్ నలుగురికి కలిపి తీసుకుంటే దానిమీద ఒక్కరి పేరే ఉంటుంది, ఆ పేరున్న మనిషి లేకుండా మిగతావాళ్లకు చెల్లదు. పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపినా లాభం లేదు. ఒక్కొక్కరికీ వేరుగా కొనండి. పక్కపక్కనే కూర్చోవాలనుకుంటే సీటు మ్యాప్‌లో నంబర్లు చూసుకుని ఎంచుకోండి, రెండు నిమిషాల పని. తన పేరు మీద టికెట్ ఉండి కూడా ఆ క్షణంలో చూపించలేకపోతే జర్మనీలో 60 యూరోల చీటీ రాస్తారు. ఒక వారంలోపు ఆ టికెట్ చూపిస్తే 7 యూరోలతో వదిలేస్తారు. అక్కడే వాదించి ప్రయోజనం లేదు, చీటీ తీసుకుని వచ్చేయడమే.

రైలు విడిపోవడం మీకు ఏ ఊళ్లో జరిగిందో రాయలేదు. జర్మనీలో దీనికి పేరుపడ్డది హామ్ స్టేషన్. బెర్లిన్ నుంచి వచ్చే రైళ్లు అక్కడ రెండు ముక్కలై, ఒకటి డార్ట్‌మండ్, ఎస్సెన్ మీదుగా డ్యూసెల్డార్ఫ్ వైపు, ఇంకోటి హాగెన్, వుపర్టాల్ మీదుగా కొలోన్ వైపు వెళ్తాయి. కొన్ని రాత్రి రైళ్లు మీరు నిద్రలో ఉండగా విడిపోతాయి. రెండు హైస్పీడ్ సెట్లను ముక్కు ముక్కు కలిపి నడుపుతారు, వాటి మధ్య నడిచే దారి ఉండదు. తప్పు ముక్కలో ఎక్కామని రైల్లో తెలిసినా లోపలి నుంచి అటువైపు పోలేరు, స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫామ్ మీద పరుగెత్తాల్సిందే. ప్లాట్‌ఫామ్‌ను ఏ, బీ, సీ అంటూ భాగాలుగా గుర్తిస్తారు, ఏ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో పైన బోర్డులో చూపిస్తారు. ఒక్కోసారి బోగీల వరుస తిరగబడి వస్తుంది, మైకులో చెప్పేది ఎక్కువగా అదే. కాబట్టి ఖాళీగా ఉందని ఎక్కడపడితే అక్కడ కూర్చోకుండా రిజర్వేషన్ బోగీలోనే ఎక్కండి, తలుపు పక్క తెర మీద మీ ఊరి పేరు ఉందో లేదో చదవండి. నలుగురూ ఒకే తలుపులో ఎక్కడం అన్నిటికన్నా మంచిది.

ఇటలీ జరిమానా. రీజనల్ రైలు కాగితం టికెట్ కొన్నంత మాత్రాన సరిపోదు. ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరుండే చిన్న యంత్రంలో దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించాలి. ముద్ర పడ్డాక 4 గంటలు చెల్లుతుంది. ముద్ర లేని టికెట్‌ను ఇంకో రైల్లో మళ్లీ వాడుకోవచ్చు కాబట్టే వాళ్లు దాన్ని టికెట్ లేనట్టు చూస్తారు, పర్యాటకులని జాలిపడరు. యంత్రం పనిచేయకపోతే టికెట్ మీద స్టేషన్ పేరు, తేదీ, సమయం పెన్నుతో రాసి, రైలెక్కగానే మీరే వెళ్లి గార్డుకు చెప్పండి. ఆయన మీ దగ్గరికి వచ్చాక చెబితే లెక్కలోకి రాదు. యాప్‌లో కొన్న రీజనల్ టికెట్‌కైతే ఎక్కేముందు చెక్-ఇన్ నొక్కాలి. సీటు నంబరున్న హైస్పీడ్ టికెట్‌కు ఇవేవీ అక్కర్లేదు, అక్కడ గండం వేరే ఉంది: రోమ్-మిలాన్ మధ్య రెండు వేర్వేరు సంస్థల రైళ్లు తిరుగుతాయి, ఫ్రెచారోసా, ఇటాలో. రెండూ ఎర్రగానే ఉంటాయి. ఒకరి టికెట్ ఇంకొకరి దాంట్లో చెల్లదు. రైలు నంబరు సరిచూసుకోకుండా రంగు చూసి ఎక్కొద్దు.

యూరెయిల్ పాస్ (ఒకే పాస్ మీద చాలా యూరప్ దేశాల రైళ్లెక్కేది) తీసుకోవాలా అని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తేదీలు, ఊళ్లు ఖరారైన మీ ప్లాన్‌కు విడి టికెట్లే నయమని మా అభిప్రాయం. ఫ్రాన్స్, ఇటలీ హైస్పీడ్ రైళ్లకు పాస్ ఉన్నా రిజర్వేషన్ డబ్బు విడిగా కట్టాలి, పాస్‌వాళ్లకు ఇచ్చే సీట్లు జూన్‌లో త్వరగా అయిపోతాయి, ఇటాలోలో పాస్ అసలు చెల్లదు. అయినా తీసుకుంటే, ఎక్కే ముందే ఆ రైలును యాప్‌లో చేర్చుకోవాలి. గార్డు కనిపించాక చేర్చితే టికెట్ లేనట్టే. యాప్ మూడు రోజులకోసారైనా నెట్‌కు కలవాలి. పాస్ ఒకసారికి ఒక్క ఫోన్‌లోనే ఉంటుంది, కొత్త ఫోన్‌లోకి ఎక్కించాలంటే పాస్ నంబరు, ఇంటిపేరు అడుగుతుంది. మన తెలుగువాళ్లకు ఇక్కడ తలనొప్పి: కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి పొడి అక్షరమే ఉంటుంది. పాస్ మీదా, టికెట్ల మీదా పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఫేస్‌బుక్ పేరు పెట్టకండి.

మిలాన్‌లో బ్యాగ్ ఎలా పోయిందో మీరు రాయకపోయినా ఊహించడం కష్టం కాదు. రైలు బయల్దేరే రెండు మూడు నిమిషాల ముందు ఒకతను కిటికీ మీద తడతాడు, లేదా ఈ రైలు ఎక్కడికి వెళ్తుందని ఫోన్ చూపించి అడుగుతాడు. మీరు అటు తిరిగిన క్షణంలో రెండోవాడు పై అరలోని బ్యాగ్ తీసుకుని దిగిపోతాడు, తలుపులు మూసుకుంటాయి. మిలాన్ సెంత్రాలే, రోమ్ తెర్మీనీ, పారిస్ గార్ దు నార్ లాంటి పెద్ద స్టేషన్లలో ఇది రోజూ జరిగేదే. పాస్‌పోర్ట్, డబ్బు, మందులు, చార్జర్ ఉన్న చిన్న బ్యాగ్ ఒళ్లోనే ఉండాలి, పైన కాదు. పెద్ద సూట్‌కేసును వీపు వీపు కలిసిన రెండు సీట్ల సందులో పెట్టి, మనవాళ్లు స్లీపర్‌లో వాడే గొలుసుతో సీటు కాలికి కట్టేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. తలుపు పక్క సీట్లో కూర్చుని ఫోన్ బల్ల మీద పెట్టొద్దు. టికెట్ మెషిన్ దగ్గర సాయం చేస్తానని వచ్చేవాళ్లకూ, అడక్కుండానే సూట్‌కేసు ఎత్తుకుని నడిచేవాళ్లకూ మొదటి క్షణంలోనే గట్టిగా వద్దనండి. ఆ తర్వాత డబ్బు అడుగుతారు.

పోయిందని తెలియగానే అక్కడి రైల్వే పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోవాలి. ఇటలీలో వాళ్లను పోల్ఫెర్ అంటారు, జర్మనీ స్టేషన్లలో ఫెడరల్ పోలీసులుంటారు. ఎక్కడైనా అత్యవసర నంబరు 112. చాలా ట్రావెల్ పాలసీలు 24 గంటల్లోపు పోలీసు రిపోర్ట్ లేకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తాయి. దొంగతనం కాకుండా మరిచిపోయి దిగారనుకుంటే రైల్వే లాస్ట్ ప్రాపర్టీ పేజీలో రైలు నంబరు, బోగీ, బ్యాగ్ రంగు నమోదు చేయండి. జర్మనీలో దొరికినవన్నీ చివరికి వుపర్టాల్ కేంద్రానికి చేరతాయి.

పాస్‌పోర్టే పోతే ప్రయాణం దాదాపు అక్కడితో ముగిసినట్టే. పోలీసు కాగితంతో దగ్గరి భారత కార్యాలయానికి వెళ్లాలి: ఇటలీలో రోమ్ ఎంబసీ, మిలాన్ కాన్సులేట్, జర్మనీలో బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్. వాళ్లు త్వరగా ఇవ్వగలిగేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. దాంతో ఇండియాకు ఒకవైపు ప్రయాణం మాత్రమే చేయగలరు, పారిస్ చూసి వస్తామంటే కుదరదు. పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ స్కాన్ కాపీలు, రెండు ఫొటోలు మీలో ఇంకొకరి దగ్గర ఉంటే ఆ పని తొందరగా అవుతుంది. ఇండియా సిమ్ ఉన్న ఫోన్ పోతే ఇంకో దెబ్బ, బ్యాంకు ఓటీపీలు రావు. ఆ సిమ్‌ను, రోజూ తీసే ఫోన్‌ను వేరువేరుగా ఉంచుకోగలిగితే మంచిది.

సమ్మెల గురించి రెండు మాటలు. ఇటలీలో సమ్మె ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య రీజనల్ రైళ్లు నడపాల్సిందే. దూరప్రాంత రైళ్లలో తప్పక నడిచేవాటి జాబితా ఉంటుంది. ఫ్రాన్స్‌లో మర్నాడు ఏవి నడుస్తాయో ముందురోజు సాయంత్రం 5 గంటలకు తెలుస్తుంది. సమ్మె రోజున ఊరు మారే పని పెట్టుకోకుండా ఉంటే చాలు.

డబ్బు తగాదా గురించి అడగకపోయినా మీ ఉత్తరంలో బరువంతా అక్కడే ఉంది. తిలా పాపం తలా పిడికెడు అంటూ ప్రతిదీ నాలుగు భాగాలు చేస్తే బాటిల్ కోసం దిగనివాళ్లకు ఒళ్లు మండుతుంది. ప్రతిదానికీ ఒక దోషిని వెతికితే వచ్చే ఏడాది ప్లాన్ చేయడానికి ఎవరూ ముందుకు రారు. బుకింగ్‌లో జరిగిన పొరపాటు నలుగురూ సమానంగా భరించాలి, ఎందుకంటే ఆ పని ఒక్కడి నెత్తిన వేసింది మీరే. తన ఆలస్యం వల్ల తప్పిన రైలు ఖర్చు ఎవరిది వారిదే. దొంగతనం ఎవరి ఇన్సూరెన్స్‌లో వారు చూసుకోవాలి. వచ్చిన పరిహారం టికెట్ డబ్బు కట్టినవాళ్లకు చెందుతుంది. వీటితో పాటు బయల్దేరేముందు తలా 100 యూరోలు పక్కన పెట్టి, మార్గమధ్యంలో వచ్చే వాదన ఏదైనా సరే ముందు అందులోంచి కట్టేసి, లెక్క హైదరాబాద్‌లో చూసుకోండి. ప్లాట్‌ఫామ్ మీద తేల్చుకోవాలని చూడకండి.

మీ పాత నష్టం. విడిపోయిన రైలుకు, ముద్ర వేయని టికెట్‌కు ఏమీ రాదు. లేటైన రైలు మీద ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, అక్టోబర్ ప్రయాణానికి అది దాటిపోయింది. పైగా 50 నిమిషాలే కాబట్టి ఆ టికెట్ వరకు గంట నియమం కింద ఏమీ వచ్చేది కాదు, విడిగా కొన్న రెండోది మీ లెక్కే. మిగిలింది బ్యాగ్. మిలాన్‌లో పోలీసు ఫిర్యాదు రాయించి ఉంటే పాలసీలో క్లెయిమ్ గడువు ఎన్ని రోజులో ఈ వారమే చూడండి. రాయించకపోతే దాన్ని మరిచిపోయి, జూన్ టికెట్లు నలుగురి పేర్ల మీద విడివిడిగా కొనడం మొదలుపెట్టండి. చవక కోటా ముందు కొన్నవాళ్లకే దక్కుతుంది.